లినక్స్ నెట్‌వర్కింగ్ పనిముట్లు: శక్తికి లోటు లేదు, దిక్కులతోనే తికమక

లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, ప్యాకెట్ల (నెట్‌వర్క్‌పై సాగే చిన్న సమాచార కట్టల) రాకపోకలను శాసించే పనిముట్లపై ఈ సమీక్ష. ప్యాకెట్లను వడపోసే ఐపీటేబుల్స్, దాని వారసుడైన ఎన్‌ఎఫ్‌టేబుల్స్, వేగాన్ని నియంత్రించే టీసీ, దానికి తోడుగా వాడే ఐఎఫ్‌బీ, కంటైనర్లను (ఒకే యంత్రంపై విడివిడిగా నడిచే ప్రోగ్రామ్ పెట్టెలను) బయటి ప్రపంచంతో కలిపే వీఈత్, వీపీఎన్‌లకు ఆధారమైన టన్, ట్యాప్ పరికరాలు ఇందులోకి వస్తాయి. వీటి వేగం గురించీ స్థిరత్వం గురించీ కొత్తగా చెప్పవలసినది లేదు. చిన్న రౌటర్ మొదలుకొని పెద్ద డేటా సెంటర్ల దాకా ఇవే పనిచేస్తున్నాయి. నేను ఇక్కడ వేరే గుణాన్ని పరిశీలించాను. ఆదేశాలు రాసే మనిషికి, ప్యాకెట్ ఎటు నుంచి ఎటు పోతున్నదో ఈ పనిముట్లు తమ పేర్లతో, తమ పదజాలంతో ఎంత స్పష్టంగా తెలియజేస్తున్నాయన్నదే ఆ గుణం.

ఈ లెక్కన చూస్తే వీటిలో చాలా వాటికి మంచి మార్కులు పడవు. ‘లోపలికి’, ‘బయటికి’ అన్న మాటలకు, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పనంత వరకు అర్థం లేదు. ఒక పనిముట్టు యంత్రంలోని ప్రోగ్రామ్ పక్కన నిలబడి మాట్లాడుతుంది, మరొకటి ఇంటర్‌ఫేస్ (యంత్రాన్ని నెట్‌వర్క్‌తో కలిపే ద్వారం) దగ్గర నిలబడి మాట్లాడుతుంది, ఇంకొకటి స్విచ్ నడిమధ్య నుంచి మాట్లాడుతుంది. తాము ఎక్కడి నుంచి మాట్లాడుతున్నదీ అవి దాదాపు ఎప్పుడూ చెప్పవు. విడివిడిగా చూస్తే ప్రతిదానిలోనూ తర్కం ఉంది. అన్నింటినీ ఒకే సర్వర్‌పై కలిపి వాడవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఐపీటేబుల్స్‌తో మొదలుపెడతాను. ఇది 2001 జనవరిలో విడుదలైన 2.4 కెర్నెల్‌తో వచ్చింది. అంతకు ముందు 2.2 కెర్నెల్‌లో ఐపీచెయిన్స్ ఉండేది. రెండూ రస్టీ రస్సెల్ చేతి మీదుగా వచ్చినవే. పాతదానిలోనూ ఇన్‌పుట్, ఫార్వర్డ్, అవుట్‌పుట్ అనే మూడు చెయిన్‌లు, అంటే నియమాల వరసలు, ఉండేవి, కొత్తదానిలోనూ అవే పేర్లు కొనసాగాయి, కాని అర్థం మారిపోయింది. ఐపీచెయిన్స్‌లో బయటి నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్టూ ఇన్‌పుట్‌ను తాకేది. ఈ యంత్రం మీదుగా మరో చోటికి వెళ్లే ప్యాకెట్ మూడు చెయిన్‌లనూ వరసగా దాటేది. ఐపీటేబుల్స్‌లో ఇన్‌పుట్ అంటే ఈ యంత్రంలోని ప్రోగ్రామ్‌లకు చేరవలసిన ప్యాకెట్లు మాత్రమే, అవుట్‌పుట్ అంటే ఇక్కడే పుట్టినవి మాత్రమే, దాటిపోయేవి ఫార్వర్డ్‌కు మాత్రమే కనిపిస్తాయి. ఇంత పెద్ద మార్పుకు పేర్లలో కనిపించే గుర్తు ఒక్కటే: చిన్న అక్షరాల్లో ఉన్న చెయిన్ పేర్లు పెద్ద అక్షరాలయ్యాయి.

మార్పు మంచిదే. ఒక ప్యాకెట్‌ను వడపోయడానికి ఒకే చోటు ఉండడం వల్ల నియమాలు తగ్గాయి, పొరపాట్లకు తావు కూడా తగ్గింది. కాని ఇన్‌పుట్ అన్న పేరు చదివిన వారెవరైనా నెట్‌వర్క్ కార్డు గుండా లోపలికి వచ్చేదంతా అనుకుంటారు. ఆ ఊహ ఎంత ఖరీదైనదో కంటైనర్లు నడిపే సర్వర్లపై తెలుస్తుంది. ఉబుంటులో ప్రాచుర్యం పొందిన యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పనిముట్టుతో లోపలికి వచ్చే రాకపోకలన్నింటినీ నిరాకరించినా, కంటైనర్లను నడిపే డాకర్ ద్వారా తెరిచిన పోర్టు బయటి ప్రపంచానికి తెరిచే ఉంటుంది. కారణం సూటిగానే ఉంది: ఆ ప్యాకెట్ గమ్యస్థానం దారి నిర్ణయించకముందు నడిచే ప్రీరౌటింగ్ దశలోనే కంటైనర్ చిరునామాగా మారిపోతుంది, ఆ తరువాత అది ఇన్‌పుట్ దారి పట్టకుండా ఫార్వర్డ్ దారి పడుతుంది. డాకర్ అధికారిక పత్రాలు ఈ సంగతిని దాచలేదు. సొంత నియమాలు చేర్చుకోవడానికి డాకర్-యూజర్ అనే ప్రత్యేక చెయిన్‌ను కూడా ఇచ్చారు. అయినా ‘లోపలికి వచ్చేవి వద్దు’ అని ఆదేశించిన మనిషికి, అందులో ‘లోపలికి’ అంటే కంటైనర్ లోపలికి కాదని ఆ ఆదేశంలో ఎక్కడా తెలియదు.

ఐపీటేబుల్స్‌ను ఒక విషయంలో మెచ్చుకోవాలి. వచ్చిన ఇంటర్‌ఫేస్‌ను తెలిపే ‘-ఐ’ గుర్తును అవుట్‌పుట్, పోస్ట్‌రౌటింగ్ (దారి నిర్ణయించాక నడిచేది) చెయిన్‌లలో రాస్తే అది ఒప్పుకోదు. వెళ్లే ఇంటర్‌ఫేస్‌ను తెలిపే ‘-ఓ’ను ప్రీరౌటింగ్, ఇన్‌పుట్‌లలో రాసినా అంతే. ఆ దశలో ఆ సమాచారానికి అర్థం లేదు కనుక అక్కడికక్కడే తిరస్కరిస్తుంది. దిక్కు విషయంలో వాడుకరి తప్పును ముఖాన చెప్పే ఇలాంటి మర్యాద ఈ కుటుంబంలో అరుదు.

ఎన్‌ఎఫ్‌టేబుల్స్ 2014 జనవరిలో 3.13 కెర్నెల్‌తో వచ్చింది. ఇందులో చెయిన్ పేరుకూ దాని స్థానానికీ సంబంధం తెంపేశారు. పేరు మన ఇష్టం. ఏ హుక్‌కు (కెర్నెల్‌లో ప్యాకెట్ దాటే ఏ మజిలీకి) తగిలించాలి, ఏ ప్రాధాన్యంతో నడవాలి అన్నవి విడిగా రాయాలి. ఇది నిజమైన ముందడుగు. ‘ఇంటర్నెట్ నుంచి లోపలి నెట్‌వర్క్‌కు’ అనే అర్థం వచ్చేలా చెయిన్‌కు పేరు పెట్టుకుంటే ఆరు నెలల తరువాత చదివిన వారికి కూడా ఆ నియమం దేని గురించో తెలుస్తుంది. అదే స్వేచ్ఛతో, ఇన్‌పుట్ అనే పేరుగల చెయిన్‌ను అవుట్‌పుట్ హుక్‌కు తగిలించినా అది కిమ్మనకుండా పనిచేస్తుంది. పాత అలవాటు కొద్దీ చాలా నమూనాలలో చెయిన్ పేరూ హుక్ పేరూ ఒకటే ఉంటాయి కాబట్టి, రెండింటిలో పనిచేసేది ఏదో కొత్తవారికి తోచదు.

ప్రాధాన్యాల సంగతి కూడా చెప్పాలి. అంకె ఎంత తక్కువైతే ఆ చెయిన్ అంత ముందు నడుస్తుంది: గమ్యస్థానాన్ని మార్చే దశకు -100, వడపోతకు 0, మూలచిరునామాను మార్చే దశకు 100. ఎక్కువ ప్రాధాన్యం అంటే పెద్ద అంకె అనుకోవడం సహజం. ఇక్కడ అది తలకిందులు. ఈ అంకెలకు బదులు డీఎస్‌టీనాట్, ఫిల్టర్, ఎస్‌ఆర్‌సీనాట్ వంటి పేర్లు రాసే వీలు తరువాత కల్పించారు, వాటినే వాడాలి. ఇంతకంటే ప్రమాదకరమైనది తీర్పుల మధ్య అసమానత. హుక్‌కు తగిలించిన చెయిన్‌లో, అంటే బేస్ చెయిన్‌లో, ‘డ్రాప్’ (పడవేయి) అంటే అదే తుది తీర్పు. ‘యాక్సెప్ట్’ అంటే ఆ చెయిన్ వరకే అనుమతి, అదే హుక్‌పై తరువాత మరో చెయిన్ ఉంటే ప్యాకెట్ దాని ముందుకు మళ్లీ వెళ్లాలి. రెండు ప్రోగ్రామ్‌లు వేర్వేరు టేబుళ్లలో తమ తమ నియమాలు రాసుకున్న యంత్రంపై ఒకదానిలో అనుమతించిన పోర్టు ఎందుకు తెరుచుకోవడం లేదో వెతికేవారు మొదట చూడవలసింది ఇక్కడే. ఇంటర్‌ఫేస్‌ను గుర్తించడానికి ‘ఐఐఎఫ్’, ‘ఐఐఎఫ్‌నేమ్’ అని రెండు మాటలున్నాయి. మొదటిది నియమం ఎక్కించిన క్షణంలో ఆ ఇంటర్‌ఫేస్‌కున్న సంఖ్యను పట్టుకుంటుంది, రెండవది ప్రతిసారీ పేరును పోల్చుతుంది. పోయి తిరిగివచ్చే పీపీపీ వంటి కనెక్షన్‌లకు మొదటిది వాడితే, పేరు అదే ఉన్నా సంఖ్య మారుతుంది కనుక నియమం నిశ్శబ్దంగా చచ్చుబడుతుంది.

పేర్ల గందరగోళంలో ఇంకొక పొర కూడా ఉంది. నేటి డిస్ట్రిబ్యూషన్‌లలో ఐపీటేబుల్స్ అనే ఆదేశం తరచుగా పాత ఇంజిన్‌ను కాక ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఇంజిన్‌ను నడుపుతుంది. డెబియన్ 10 నుంచి, అంటే 2019 నుంచి, అదే డీఫాల్ట్. పాత రూపం కూడా ‘లెగసీ’ తోకతో అదే యంత్రంపై ఉండవచ్చు, రెండింటిలోని నియమాలూ ఏకకాలంలో అమలు కావచ్చు, ఒకదాని జాబితాలో రెండవదాని నియమాలు కనిపించవు. వెర్షన్ అడిగితే కుండలీకరణాల్లో ఏ ఇంజిన్ అన్నది చెబుతుంది. సమస్య వెతికే ముందు ఆ ఒక్క మాట చూసుకుంటే ఎంతో శ్రమ తప్పుతుంది.

ఇక టీసీ. ఈ సమీక్షలో అన్నింటికంటే శక్తిమంతమైనదీ, అన్నింటికంటే కఠినంగా మాట్లాడేదీ ఇదే. ఒక ఇంటర్‌ఫేస్‌పై క్యూడిస్క్‌ను, అంటే ప్యాకెట్ల వరసను నడిపే పద్ధతిని, ‘రూట్’ వద్ద పెట్టమని రాస్తాం. ఆ వాక్యంలో దిక్కును తెలిపే పదమే ఉండదు. రూట్ అంటే బయటికి వెళ్లే వైపు అని ముందే తెలిసి ఉండాలి. లోపలికి వచ్చే వైపుకు ‘ఇన్‌గ్రెస్’ అనే వేరే క్యూడిస్క్ ఉంది. పేరులో క్యూ ఉన్నా అందులో వరస ఏదీ ఉండదు. ప్యాకెట్లను నిలిపి ఉంచి నెమ్మదిగా వదిలే పని దానికి చేతకాదు. అక్కడ చేయగలిగినదల్లా ప్యాకెట్లను వర్గీకరించడం, పరిమితి దాటినవాటిని పడవేయడం, లేదా వేరే చోటికి మళ్లించడం. తీగ మీద అప్పటికే ప్రయాణించి వచ్చేసిన ప్యాకెట్ విషయంలో ఇది ఒక మేరకు సమంజసమే, కాని వచ్చే వేగాన్ని సాఫీగా నియంత్రించాలనుకునే వారి అవసరం దీనితో తీరదు.

ఆ అవసరం కోసమే ఐఎఫ్‌బీ అనే కల్పిత ఇంటర్‌ఫేస్ ఉంది. వాడే పద్ధతి ఇది: అసలు ఇంటర్‌ఫేస్‌పై లోపలికి వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ ఇన్‌గ్రెస్ వద్ద పట్టి ఐఎఫ్‌బీకి మళ్లించాలి; ఐఎఫ్‌బీ దృష్టిలో అవి ‘బయటికి వెళ్లే’ ప్యాకెట్లు, కనుక దాని రూట్ వద్ద మామూలు క్యూడిస్క్ పెట్టి వేగాన్ని నియంత్రించవచ్చు; అక్కడి నుంచి విడుదలైన ప్యాకెట్ తిరిగి అసలు ఇంటర్‌ఫేస్‌పై వచ్చినట్టుగానే ప్రయాణం కొనసాగిస్తుంది. ఉపాయం అద్భుతం. కాని దాన్ని రాసే ఆదేశంలో, ఇన్‌గ్రెస్ వద్ద తగిలించిన ఫిల్టర్ చేసే చర్యకు ‘మిర్‌రెడ్ ఈగ్రెస్ రీడైరెక్ట్’ అని పేరు. లోపలికి వచ్చే ప్యాకెట్‌పై బయటికి అనే మాట ఎందుకు? ఇక్కడ ‘ఈగ్రెస్’ అన్నది ప్యాకెట్ దిక్కు గురించి కాదు, మళ్లించిన గమ్యంలో అది ఏ వైపు చేరాలన్న దాని గురించి. ఒకే వాక్యంలో ఒకే జంట పదాలను ఇద్దరు పరిశీలకుల దృష్టితో వాడి, ఆ సంగతి ఎక్కడా ప్రకటించని ఈ వ్యాకరణాన్ని నేను సమర్థించలేను. 2016లో 4.5 కెర్నెల్‌తో వచ్చిన క్లెస్‌యాక్ట్ ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది: ఫిల్టర్లను ఇన్‌గ్రెస్, ఈగ్రెస్ అనే స్పష్టమైన పేర్లతో రెండు వైపులా తగిలించే వీలు కల్పించింది. మిర్‌రెడ్ పదజాలం మాత్రం అలాగే ఉంది.

దిక్కుతో పాటు దశ కూడా ఇక్కడ ముఖ్యం. ఇన్‌గ్రెస్ ఫిల్టర్ నెట్‌ఫిల్టర్ (ఐపీటేబుల్స్, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ నియమాలను నడిపే కెర్నెల్ భాగం) కంటే ముందు నడుస్తుంది, కాబట్టి నాట్ చేసే, అంటే లోపలి పరికరాలను తన ఒక్క చిరునామాతో బయటికి చూపే, రౌటర్‌పై అక్కడ కనిపించే గమ్యచిరునామా రౌటర్‌దే. లోపల ఏ పరికరానికి చెందినదో ఆ దశలో ప్యాకెట్‌ను చూస్తే తెలియదు. 2018లో 4.19 కెర్నెల్‌తో వచ్చిన కేక్ అనే క్యూడిస్క్‌కు ‘నాట్’ అనే ఐచ్ఛికం ఉన్నది అందుకే. అది కనెక్షన్ల పట్టిక తిరగేసి అసలు చిరునామాను తెలుసుకుంటుంది. అందులోనే పరికరాల మధ్య న్యాయంగా పంచడానికి, బయటికి వెళ్లే వైపు మూలచిరునామా ఆధారిత పద్ధతినీ, లోపలికి వచ్చే వైపు గమ్యచిరునామా ఆధారిత పద్ధతినీ వాడుకరే ఎంచి రాయాలి. ఐఎఫ్‌బీపై అంతా బయటికి వెళ్లేదే కదా అని రెండు చోట్లా ఒకే పద్ధతి రాస్తే దోషసూచన ఏదీ రాదు, పంపకం మాత్రం ఆశించినట్టు జరగదు. కేక్‌లో ‘ఇన్‌గ్రెస్’ అన్న మాట కూడా ఉంది. అది ప్యాకెట్ దిక్కును మార్చదు, పడవేసిన ప్యాకెట్లు కూడా అప్పటికే లింకును వాడుకున్నాయని లెక్కలో కలుపుతుంది. మంచి సౌకర్యం, మరోసారి అదే పేరు.

వీఈత్ జంటలో రెండు కొనలుంటాయి. ఒక కొనలో పంపినది రెండవ కొనలో వచ్చినదిగా కనిపిస్తుంది. సాధారణంగా ఒక కొన కంటైనర్‌లో, మరొకటి హోస్ట్‌పై ఉంటుంది. కాబట్టి కంటైనర్ అప్‌లోడ్‌ను అదుపు చేయాలంటే హోస్ట్ వైపు కొనకు అది ఇన్‌గ్రెస్, అంటే మళ్లీ ఐఎఫ్‌బీ కావాలి. డౌన్‌లోడ్‌ను అదుపు చేయాలంటే అదే కొన రూట్ వద్ద ఒక క్యూడిస్క్ చాలు. కంటైనర్ల నెట్‌వర్క్‌ను అమర్చే సీఎన్‌ఐలోని బ్యాండ్‌విడ్త్ ప్లగిన్ లోపల చేసేది సరిగ్గా ఇదే, కాని బయటికి మాత్రం ఇన్‌గ్రెస్ రేటు, ఈగ్రెస్ రేటు అని కంటైనర్ దృష్టితో అడుగుతుంది. వాడుకరి ఎక్కడ నిలబడి ఆలోచిస్తాడో అక్కడి నుంచే ప్రశ్న అడిగి, తిరగవేసే పనిని తన నెత్తిన వేసుకున్న ఈ పద్ధతికి పూర్తి మార్కులు ఇస్తాను. కంటైనర్ల సమూహాలను నడిపించే కుబెర్నెటీస్‌లోని నెట్‌వర్క్ పాలసీ కూడా పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) దృష్టిని ఆద్యంతం వదలదు. అయితే అదే కుబెర్నెటీస్‌లో ‘ఇన్‌గ్రెస్’ అనే పేరుతో, బయటి వెబ్ అభ్యర్థనలను సర్వీసులకు చేర్చే పూర్తిగా వేరైన వస్తువు కూడా ఉంది. పాలసీలో ఇన్‌గ్రెస్ గురించి చదువుతున్నవారు దీని పత్రాలలోకి దారితప్పడం మామూలే.

టన్, ట్యాప్ పరికరాలలో దిక్కు ఫైల్ భాషలో దాగి ఉంటుంది. కెర్నెల్ ఆ ఇంటర్‌ఫేస్ ద్వారా పంపినదాన్ని వీపీఎన్ ప్రోగ్రామ్ ‘చదువుతుంది’. ప్రోగ్రామ్ ‘రాసినది’ కెర్నెల్‌కు అందినదిగా లెక్కలోకి వస్తుంది. వర్చువల్ మెషిన్ వెనుక ఉన్న ట్యాప్‌పై ఆర్‌ఎక్స్ (అందుకున్నవి) అంకె పెరుగుతుంటే ఆ మెషిన్ ఏదో పంపుతున్నదని అర్థం, అందుకుంటున్నదని కాదు. గణాంకాల పలకలు తయారుచేసేవారు ఈ రెండు అంకెలను తిరగవేయకుండా చూపితే అప్‌లోడ్, డౌన్‌లోడ్ గీతలు తారుమారవుతాయి. టన్ ఐపీ ప్యాకెట్లను, ట్యాప్ ఈథర్‌నెట్ ఫ్రేములను మోస్తాయి, కాని రెండింటినీ తెరిచే పరికర ఫైల్ పేరు మాత్రం టన్ ఒక్కటే.

ఎక్స్‌డీపీ గురించి ఒక్క మాట చాలు. ప్యాకెట్ అందిన వెంటనే దానిపై చిన్న ప్రోగ్రామ్‌ను నడిపే ఈ సౌకర్యం 2016లో 4.8 కెర్నెల్‌తో వచ్చింది, ఇది అందుకునే వైపు మాత్రమే నడుస్తుంది. అందులోని ‘టీఎక్స్’ (పంపు) అనే తీర్పు ప్యాకెట్‌ను ముందుకు పంపదు, వచ్చిన ఇంటర్‌ఫేస్ నుంచే వెనక్కి పంపుతుంది.

ఈ జబ్బు లినక్స్‌ది మాత్రమే అనుకుంటే అన్యాయం. విండోస్‌లో వర్చువల్ మెషిన్లను కలిపే హైపర్-వీ ఎక్స్‌టెన్సిబుల్ స్విచ్‌కు ఎక్స్‌టెన్షన్ రాసేవారు ఇంతకంటే వింతైన మలుపును ఎదుర్కొంటారు. అక్కడ స్విచ్‌లోకి ప్రవేశించే ప్యాకెట్, అది వర్చువల్ మెషిన్ నుంచి వచ్చినా భౌతిక కార్డు నుంచి వచ్చినా, డ్రైవర్ల వరసలో పై నుంచి కిందికి ‘పంపే’ పనిగానే వస్తుంది. స్విచ్ దాని గమ్యాన్ని తేల్చాక అదే ప్యాకెట్ కింది నుంచి పైకి ‘అందుకునే’ పనిగా తిరిగి ఎక్కుతుంది. అంటే నెట్‌వర్క్ తీగ నుంచి అప్పుడే వచ్చిన ప్యాకెట్‌ను పంపే ఫంక్షన్‌లో చూడాలి. మిగతా ఫిల్టర్ డ్రైవర్లలో పంపడం అంటే తీగ వైపు, అందుకోవడం అంటే ప్రోగ్రామ్ వైపు అని నేర్చుకున్న వారికి ఇది మొదటి నుంచి నేర్చుకోవలసిన విషయం. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఫైర్‌వాల్ పీఎఫ్ ఇందుకు భిన్నంగా సరళమైన దారి ఎంచుకుంది: ఇన్, అవుట్ అన్నవి ఎప్పుడూ ఫలానా ఇంటర్‌ఫేస్‌కు సంబంధించినవే, యంత్రం మీదుగా దాటిపోయే ప్యాకెట్ ఒక ఇంటర్‌ఫేస్‌పై ఇన్‌గా, మరొక దానిపై అవుట్‌గా రెండుసార్లు పరీక్షకు నిలుస్తుంది. నియమాలు కొంచెం ఎక్కువ రాయవలసి వచ్చినా, వాక్యంలో ఇంటర్‌ఫేస్ పేరును దిక్కు పక్కనే రాయడం వల్ల చదివేవారికి సందేహం మిగలదు. చదవడానికి నాకు అన్నింటికంటే నచ్చినది ఇదే.

సందేహం వచ్చినప్పుడు అందరూ ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌ను సాక్షిగా పిలుస్తారు. ఆ సాక్షి ఎక్కడ నిలబడి చూసిందో తెలియకపోతే దాని సాక్ష్యమూ తప్పుదారి పట్టిస్తుంది. వచ్చే ప్యాకెట్‌ను అది ఎక్స్‌డీపీ తరువాత, టీసీ ఇన్‌గ్రెస్ కంటే, నెట్‌ఫిల్టర్ కంటే ముందు చూస్తుంది. వెళ్లే ప్యాకెట్‌ను నెట్‌ఫిల్టర్, క్యూడిస్క్ రెండూ దాటాక చూస్తుంది. కనుక ఇన్‌పుట్‌లో పడవేసిన ప్యాకెట్ టీసీపీడంప్‌లో నిక్షేపంగా కనిపిస్తుంది, అవుట్‌పుట్‌లో పడవేసినది అసలు కనిపించదు. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లోని ట్రేస్ సౌకర్యం ఈ లోటును బాగా తీరుస్తుంది: గుర్తు పెట్టిన ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్‌పై వచ్చి, ఏ హుక్‌లో, ఏ చెయిన్‌లో, ఏ నియమానికి తగిలి ఏ తీర్పు పొందిందో వరసగా చెబుతుంది. పాత పనిముట్టును వదిలి కొత్తదానికి మారడానికి నా దృష్టిలో ఇదొక్కటే చాలినంత కారణం.

కొత్తగా సర్వర్ సిద్ధం చేసుకునేవారు ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌నే నేరుగా వాడాలి. చెయిన్‌లకు ఇన్, అవుట్ అన్న పేర్లు మాని, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తెలిపే పేర్లు పెట్టుకోవాలి. కంటైనర్లు ఉన్న చోట రక్షణ నియమాలను ఫార్వర్డ్ దారిలో కూడా పరీక్షించనిదే సర్వర్‌ను బయటికి తెరవకూడదు. టీసీని చేతితో రాయవలసిన అవసరం అందరికీ ఉండదు. రౌటర్‌పై ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ వ్యవస్థ ఉన్నవారికి ఎస్‌క్యూఎం ప్యాకేజీ చాలు. అది ప్రధానంగా ఏ ఇంటర్‌ఫేస్, డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత అని అడిగి ఐఎఫ్‌బీ వ్యవహారమంతా తానే చూసుకుంటుంది. అయితే దాన్ని ఇంటర్నెట్ వైపు ఇంటర్‌ఫేస్‌కు కాక లోపలి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తే, డౌన్‌లోడ్ పెట్టెలో అప్‌లోడ్ వేగాన్నీ, అప్‌లోడ్ పెట్టెలో డౌన్‌లోడ్ వేగాన్నీ రాయాలి.